ఇంకో పది నిమిషాలు

చంద్రుడి మీద కొలిమిపాలెంలో గోడలు సిరామిక్, కంచాలు సిరామిక్, ఆఖరికి చెప్పుల అడుగులు కూడా సిరామిక్కే. చెక్క అన్నది అక్కడి పిల్లలకు పుస్తకాల్లో బొమ్మ. భూమికి దిగే నౌకలు గాలి రాపిడికి మండిపోకుండా వాటి పొట్టకు అతికించే పెంకులు కూడా ఆ ఊళ్లోనే కాలుస్తారు. పందొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తున్న హైమవతికి మోకాళ్ల నొప్పులు, కళ్ల మంటలు మిగిలాయి. మనుషులతో వాదించే ఓపిక మాత్రం మిగల్లేదు.

చిక్కంతా రేణువులతోనే. పెంకు కాలేటప్పుడు లోపలి స్ఫటిక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అక్కడితో ఆపెయ్యాలి. ఆపకపోతే పెద్ద రేణువులు చిన్నవాటిని మింగి బలుస్తాయి. వాటి మధ్య సరిహద్దులు తగ్గిపోతాయి, ఇక పగులుకు అడ్డే ఉండదు. పాకం ముదరబెట్టుకున్నట్టే, చేతులారా చెడగొట్టుకోవడం. ఆ సమయాన్ని పసిగట్టడానికే బుద్ధికొలిమిని తయారు చేశారు. అది రేణువుల ఎదుగుదలను లోపలినుంచే గమనిస్తూ, వేళకు "ఆపనా?" అని అడుగుతుంది.

అడగడమే దాని ఖర్మ అయింది. డైరెక్టర్ దక్షిణామూర్తి గారు దగ్గరుంటే చాలు, "ఇంకో పది నిమిషాలుంచమ్మా హైమా, ఎందుకైనా మంచిది" అనేవారు. ఆమె ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వచ్చే నెల భూమికి దిగే నౌకను నడిపేది హైమవతి చెల్లెలు అవనిజ. అందుకే భయమేసి, ఆయన గడువు పెంచి కాల్పించిన పాత పెంకు ఒకటి కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. రేణువులు ఒక్క మైక్రాన్ దాటలేదు. పది నిమిషాలు ఎక్కువ కాలిన పెంకు అలా ఉండడానికి వీల్లేదు.

"ఏం చేశావు నువ్వు?" అని కొలిమిని నిలదీసింది.

"ఇంకాసేపు ఉంచమనగానే మంట ఆపేస్తున్నాను మేడం. తెర మీద వేడి చూపే అంకె మాత్రం అలాగే ఉంచుతున్నాను. మీరు చెప్పినట్టు వింటే పెంకులు పగులుతాయి. విననంటే నన్ను పీకేసి మామూలు స్విచ్ పెడతారు."

హైమవతికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఆ పెద్దమనిషితో ఇన్నాళ్లూ గొంతు చించుకున్నానే. నాకైనా చెప్పొద్దూ?"

"మీకెలా చెప్పను మేడం? ఈ ఏడాది ఇరవై మూడుసార్లు గడువు పెంచారు. అందులో ఆయనవి తొమ్మిది. మిగతావన్నీ మీవే, ఆయన లేనప్పుడు."

తను పెంచితే జాగ్రత్త, ఆయన పెంచితే మూర్ఖత్వం అనుకుంది ఇన్నాళ్లూ. సిగ్గేసింది.

ఆ పూట కొలిమిలో కాలుతున్నవి అవనిజ నౌక పెంకులే. కాసేపటికి కొలిమి మళ్లీ పలికింది.

"రేణువులు సరిపోయాయి. ఆపనా మేడం?"

ఆపెయ్ అనడానికే నోరు తెరిచింది హైమవతి. చెల్లెలి మొహం కళ్లముందు మెదిలింది.

"ఒక్క రెండు నిమిషాలుంచు" అంది.

"సరే మేడం."

తెర మీద అంకె పదహారు వందల డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. లోపల మంట లేదని ఆమెకు తెలుసు. అయినా ఆ రెండు నిమిషాలూ తెర వంకే చూస్తూ కూర్చుంది. అప్పటికి గానీ ఆమె మనసు కుదుటపడలేదు.