మామిడితోటలో మెత్త కుర్చీ

"రమాసుందరిని తిరువూరులో చంపుతారు. మధ్యాహ్నం భోజనాల వేళ."

ఢిల్లీలో చీఫ్ ఆ మాట అన్నప్పుడు ఏజెంట్ వెంకటాద్రి ఆవులింత ఆపుకున్నాడు. సెలవు కాగితం మళ్ళీ జేబులోనే ఉండిపోయింది.

1973. రాష్ట్రం రెండుగా చీలాలన్న గొడవ జోరుగా ఉంది. చీలితే కొత్త రాజధాని కావాలి. దానికి ప్లాను గీసిన టౌన్ ప్లానర్ రమాసుందరి. చెరువులు పూడ్చకూడదు, తోటలు నరకకూడదు, కూలిజనం ఇళ్ళు ఊరి చివర కాదు, సెక్రటేరియట్ పక్కనే ఉండాలి అన్నది ఆవిడ పట్టుదల. చెరువుల మీద సిమెంటు పోసి కోట్లు దండుకుందామనుకున్న విదేశీ ముఠాకి ఆవిడొక్కతే అడ్డం.

చీఫ్ చెప్పిన రోజున, తిరువూరు దగ్గర విస్సన్నపేట రోడ్డులో, వీరరాఘవయ్యగారి మామిడితోటలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఆవిడ ప్లాను చూపించింది. తర్వాత అందరికీ ఒకే బంతిలో భోజనాలు. వెంకటాద్రి పంచె ఎగ్గట్టి, మంచినీళ్ళు పోసే మనిషి వేషంలో పొద్దుటి నుంచీ తిరుగుతున్నాడు. మోకాళ్ళు పీకేస్తున్నాయి. బాంబు పసిగట్టే చేతివాచీ డిపార్ట్‌మెంటు ఇచ్చింది గానీ, గరిట కనబడ్డా గుండిగ కనబడ్డా కుయ్‌మంటోంది. విసుగొచ్చి దాన్ని ఆపేశాడు.

నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీరలో ప్రేమావతి వచ్చింది. పైకి విదేశీ పత్రిక రిపోర్టరు. నిజానికి ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్.

"పూత ఎలా ఉంది?" అన్నాడు.

"మంచు కొట్టింది." కోడ్ సరిపోయింది. "ఆల్ క్లియర్. హంతకుడు రాలేదు. నేను కారు దగ్గరుంటా."

బంతి మొదట్లో రమాసుందరి కోసం ప్రేమావతి తెప్పించిన మెత్త కుర్చీ ఉంది. ఆవిడ దానికేసి చూడనైనా లేదు. పెనుగొలను కూలీల పెద్ద లాజరు పక్కన చాప మీద కూర్చుంది. వీరరాఘవయ్యగారి భార్య సీతారావమ్మకి ప్రాణం ఉసూరుమంది. మర్యాద కుర్చీ ఖాళీగా ఉంటే ఆవిడ చూడలేకపోయింది. కారువైపు వెళ్తున్న ప్రేమావతి చెయ్యి పట్టుకుంది.

"అన్నం వేళ వెళ్ళిపోతావేంటమ్మా? రా, కూర్చో."

"వద్దండీ, ఆకలి లేదు."

"మొహమాటపడకు. మా తోటకొచ్చి తినకుండా ఎవరూ వెళ్ళరు." భుజాలు పట్టి కుర్చీలోకి నొక్కబోయింది.

"వదలండి! అందులో వద్దు!"

తుపాకి గొట్టం ఎదుట నవ్విన ప్రేమావతిని వెంకటాద్రి ఎరుగును. ఇప్పుడా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెని ఇన్నాళ్ళూ నమ్మినందుకు బాధేసింది. కోపం తెచ్చుకునే ఓపిక లేకపోయింది.

బిందె దించి, కుర్చీ ఎత్తుకుని పరిగెత్తాడు. అడుగున టిక్ టిక్‌మంటోంది. తోట చివర బావిలోకి విసిరి బోర్లా పడ్డాడు. నేల అదిరింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

తిరిగొచ్చేసరికి సీతారావమ్మ ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. వెంకటాద్రి దానికి బేడీ తగిలించాడు.

"తినకుండానే తీసుకెళ్తావా అబ్బాయ్?" అంది ఆవిడ నొచ్చుకుంటూ.

రమాసుందరి బావిలోకి తొంగిచూసి వచ్చింది. "ప్రాణం కాపాడారు, ఎప్పటికీ మర్చిపోనండీ. కానీ పక్కనే ఎండిపోయిన గుంట ఉంది కదా, మంచినీళ్ళ బావే దొరికిందా మీకు?"

రాజధాని ఇంకా పుట్టనే లేదు, మొదటి కంప్లయింటు అప్పుడే తన మీద వచ్చేసింది. వెంకటాద్రి లాజరు పక్కన చాప మీద కూలబడి, విస్తరి వెయ్యమన్నాడు.