నిండు బండికి తెలుగు, ఖాళీ బండికి మరాఠీ

"దిగవయ్యా, బండి దిగు!"

కాంటా క్యాబిన్ కిటికీలోంచి రేవతి నాలుగోసారి అరిచింది. బొలెరోలో కూర్చున్న పిలగాడు నాలుగోసారీ నవ్వాడు. పత్తి బండిని తూచేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్లో ఈ సంగతి మేకపిల్లక్కూడా తెలుసని ఆమె నమ్మకం.

"కాయ్ ఝాలం?" అన్నాడు వాడు.

"ఏందీ, నన్నే ఎక్కిరిస్తున్నవా?"

హమాలీల మేస్త్రీ సాదిక్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "జర ఆగు బేటీ. ఏమైందని అడుగుతుండు. పెన్‌గంగ అవతల్నుంచి వచ్చిండు, తెలుగు రాదు."

రేవతికి మరాఠీ రాదు. కరీంనగర్ నుంచి వచ్చి పదిరోజులే అయింది. మిల్లుకొచ్చే రైతుల్లో సగం మంది మహారాష్ట్ర వాళ్లు. సీజన్ అయ్యేలోపు వాళ్లతో మాట్లాడడం రాకపోతే వేరే మనిషిని చూసుకుంటానని సేటు మొదటిరోజే చెప్పేశాడు.

పత్తి దింపడానికి గంట పట్టింది. ఆ పిలగాడు ఊరికే ఉండక కిటికీ దగ్గరికొచ్చి హిందీలో బేరం పెట్టాడు. "నాకు తెలుగు నేర్పండి. మీకు మరాఠీ నేర్పుతా."

"నీకెందుకు తెలుగు?"

"మీరు నాలుగుసార్లు ఏం తిట్టారో తెలుసుకోవాలి."

రేవతికి నవ్వాగలేదు. వాడి పేరు అంబదాస్. తాత పేరట, చూస్తే ఇరవై ఆరేళ్లు కూడా ఉండవు. కనుబొమల మీద పత్తి పింజలు అంటుకుని అప్పుడే తలనెరిసినట్టున్నాడు.

ఒప్పందం కుదిరింది. నిండు బండి తూచి పత్తి దింపేదాకా తెలుగు. ఖాళీ బండి తూచాక మరాఠీ. మధ్యలో హిందీ దొర్లితే దొర్లించినవాళ్లు చాయ్ తాగించాలి. మొదటి రోజు రేవతి మూడు చాయ్‌లు తాగించింది.

రెండోసారికే అంబదాస్ ధైర్యం చేశాడు. "నేను మంచి పిలగాన్ని."

"ఎవలు జెప్పిండ్రు?"

"మా ఆయి... అమ్మ."

"ఎవలవ్వ వాళ్లకు గట్లనే జెప్తది. వేరేటోళ్లెవలన్న ఉంటే జెప్పు."

వాడు వేళ్లు మడిచి లెక్కబెట్టి, "నువ్వు జెప్తవా?" అన్నాడు. రేవతి వినపడనట్టు చీటీలు సర్దుకుంది. సర్దిన చీటీలే మళ్లీ సర్దుకుంది.

జనవరిలో ఒక ముసలి రైతు తూకం చీటీ చదవమంటే రేవతి మరాఠీలో గడగడా చదివి చెప్పింది. "యవత్మాల్ పిల్లవా?" అన్నాడాయన, మహారాష్ట్ర పిల్లే అనుకుని. ఆ మాటకి పొంగిపోయింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలా అనుకోగానే మనసులోకి అంబదాసే వచ్చాడు. అప్పుడే తెలిసిపోయింది ఆమెకి, పని చెడిందని.

ఇంకొకటి అంతకుముందే తెలుసు. వాడి బండి ప్రతిసారీ తేలికవుతోంది. పన్నెండు క్వింటాళ్లతో మొదలుపెట్టి తొమ్మిది, ఏడు, అయిదు. నాలుగో చీటీ నాడే ఆమెకి లెక్క అందింది. కొన్ని ట్రిప్పుల్లో అయిపోయే పత్తిని ఎక్కువసార్లు రావడానికని వాడు గోరుతో గిల్లి గిల్లి తెస్తున్నాడు. రేవతి అడగలేదు. అడిగితే సిగ్గుపడి మానేస్తాడేమో. అడక్కపోయినా పత్తి ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. అయిపోతే వాడికి మిల్లుతో పనేముంది?

"చారాన కోడికి బారాన మసాలా," అనేవాడు సాదిక్ భాయ్, ఆమెకి వినపడేలా. "గంత డీజిల్ పోసి గింత పత్తి."

ఫిబ్రవరి చివర్లో బొలెరో వచ్చింది. వెనక ఒక్కటే మూట. ముందు సీట్లో గోచీ చీర కట్టిన ఒకావిడ. అంబదాస్ ముఖం వేలాడేసుకుని దిగాడు. ఆవిడ దిగలేదు.

"మా ఆయి," అన్నాడు తెలుగులో. "గిన్ని ట్రిప్పులు ఎందుకని అడిగింది. నాకు అబద్ధం చెప్పరాలే."

"ఖాలీ ఉతరా, ఆయీ," అంది రేవతి, కిందికి దిగమని మర్యాదగా.

"దిగను." ఆవిడ మాట్లాడేదంతా మరాఠీనే. "జనవరికే ఖాళీ కావలసిన ఇల్లు. పత్తి కుప్ప పక్కనే పడుకుని రెండు నెలలుగా ఒళ్లంతా దురద, దద్దుర్లు. ఎందుకో నువ్వు చెప్పు. వీడు చెప్తే నమ్మను."

వెనక పది బండ్లు హారన్లు కొడుతున్నాయి. సేటు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రేవతి సాదిక్ భాయ్ వైపు చూసింది.

"నాకు మరాఠీ రాదు బేటీ," అన్నాడా పెద్దమనిషి, ముప్ఫై ఏళ్లుగా మరాఠీలో హమాలీ పంచాయితీలు తెంపుతున్నవాడు.

అంబదాస్ నోరు తెరవబోతే రేవతి చేత్తో ఆపింది. క్యాబిన్ దిగి బండి తలుపు దగ్గర నిలబడింది.

"ఆయీ," అంది, ఒక్కో మరాఠీ మాటా వెతుక్కుంటూ. "తప్పు నాది కూడా. బండి తేలికవుతోందని నాకు ఎప్పుడో తెలుసు. అడగలేదు. అడిగితే మళ్లీ రాడని భయం. మీ దురద సంగతి తెలియదు. తెలిసినా అడిగేదాన్నో కాదో... నిజంగా చెప్పలేను."

హారన్లు ఆగిపోయాయి. వెనక బండ్లవాళ్లందరికీ మరాఠీ వచ్చు మరి.

"నీకు ఎర్కేనా?" అన్నాడు అంబదాస్.

"ఎర్కనే."

వాడి ముఖం చూడాలి. పండగొచ్చినట్టుంది.

ఆయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పత్తి అయిపోయింది. ఇకనుంచి వీడేం పట్టుకొస్తాడు?"

"ఏం తేకుండా రమ్మనండి," అంది రేవతి.

ఆవిడ మెల్లగా బండి దిగింది. "మీ అమ్మ ఎక్కడుంటుంది?"

"కరీంనగర్‌లో."

"మరాఠీ వస్తుందా?"

"రాదు. హిందీ కూడా రాదు."

"మరి నేనేం మాట్లాడను? నువ్వే నేర్పు. 'మీ పిల్లను మా ఇంటికి ఇవ్వండి'. దీన్ని తెలుగులో ఏమంటారు?"

రేవతికి చెవులదాకా వేడెక్కింది. హమాలీలు, బండ్లవాళ్లు, సేటు, అందరూ ఎదురుచూస్తున్నారు. అంబదాస్ నేల చూపులు చూస్తున్నాడు.

"మీ పిల్లను..." అంది.

"మీ పిల్లను," అంది ఆయి.

"మా ఇంటికి..."

"మా ఇంటికి."

ఇక మిగిలింది ఒక్క మాటే. ఆయి ఓపిగ్గా నిలబడింది, చెయ్యి గోక్కుంటూ. రేవతి కళ్లు మూసుకుంది.

"ఇయ్యిండ్రి!"