రొట్టె ముక్కకి బదులు

పొద్దున్నే వంటింట్లోంచి ఉడికిన బంగాళాదుంప వాసన రాగానే, ఆవేళ సెలవని ఇంట్లో ఉన్న కూతురు అక్కడికి పరుగెత్తింది.

ఆసుపత్రిలో ఆమె పని రోగుల తిండి చూడడం. ఏ రోగి ఏం తినాలో, అది సయించకపోతే దానికి బదులు ఏం తినొచ్చో పట్టిక రాసివ్వడం. నిన్న సొంత తల్లి రక్తపరీక్ష కాగితం చేతికొచ్చింది. పొటాషియం హద్దు దాటిపోయింది; బంగాళాదుంపలో నిండా ఉండేది అదే. కిడ్నీలు చివరికొచ్చాయి, డయాలసిస్‌కి గుండె తట్టుకోదు, ఇక తిండి ఒక్కటే మన చేతిలో ఉందని పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు.

"నాన్నా, అమ్మకి దుంప పెడుతున్నావా?"

"రొట్టె నోటికి పోవట్లేదు తల్లీ. నెలరోజుల్నుంచీ ఒక ముక్కకి బదులు ఒక చిన్న దుంప. ఒక్క పిసరు ఎక్కువ పెట్టను."

నలభై ఏళ్లు దర్జీపని చేసిన మనిషి. కొలత విషయంలో ఎవరి మాటా వినడు.

"నెలరోజులా! చేతులారా విషం పెట్టావు కదా! అడగడానికి ఇంట్లో నేను లేనా?"

ఆయన తడిచేతులు తుడుచుకుని గోడకున్న కాగితం తీసిచ్చాడు. చిరగకుండా చుట్టూ గుడ్డపట్టీ వేసి కుట్టి ఉంచాడు. లోపల ఉన్నది ఆమె దస్తూరీయే. నాలుగేళ్ల కిందట, తల్లికి ఒట్టి షుగరే ఉన్నప్పుడు రాసింది. 'ఒక ముక్క రొట్టెకి బదులు ఒక చిన్న బంగాళాదుంప. నన్ను అడగక్కర్లేదు.'

కిడ్నీల సంగతి తెలిశాక కొత్తది రాయాల్సింది. రోజుకి నలభైమందికి రాస్తుంది. ఇంటికి మాత్రం రేపు రాద్దాంలే అని, ఉప్పు తగ్గించమని నోటిమాటగా చెప్పి ఊరుకుంది.

"ఇది పనికిరాదా?" తండ్రి అడిగాడు.

"తప్పు నీది కాదు నాన్నా, నాది." ఆమె కూలబడి భోరుమంది.

పక్కగదిలోంచి తల్లి నీరసంగా పిలిచింది. "ఒసేయ్ కొలతలమ్మా, ఆయన్ని ఏమీ అనకే. ఈ నెలే కాస్త ఇష్టంగా తిన్నాను."

తండ్రి వచ్చి కూతురి తలమీద చెయ్యి వేశాడు. "పోనీలే, ఏడవకు. ఇప్పుడు దుంపకి బదులు ఏం పెట్టాలో రాసివ్వు. దీనికీ పట్టీ కుడతాను."

ఆమె కళ్లు తుడుచుకుని కలం తీసింది. దుంప కొట్టేసింది. అరటిపండు కొట్టేసింది. నారింజ కూడా. మిగిలినవాటిలో అమ్మకి సయించేది ఒక్కటీ కనబడలేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి, ఆమె రాయడం అయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.