ఇస్త్రీ అత్త నడుము

వీధి చివర బండి పెట్టుకున్న ఇస్త్రీ అత్తది ఉత్త నటనేనని ఎదురింటావిడ అన్నదట. అరిగిన వెన్నుకు కొత్తరకం స్క్రూలు వేయించుకున్నాక కూడా వంగినప్పుడల్లా నడుం పట్టుకుని మూలగడం, కోడలి చేత చాకిరీ చేయించుకోవడానికేనట. ఆ మాట మోసుకొచ్చి డిటెక్టివ్ ఆరా మాస్టారి ముందు పెట్టింది మరెవరో కాదు, ఆ కోడలే.

"మా అత్తయ్య నోటికి జడుస్తాను గానీ, ఆవిడ అబద్ధమాడదండీ. నొప్పి మనసులోనే ఉందంటున్నారు ఆస్పత్రిలో. రేపు ఆస్పత్రి కమిటీ కూర్చుని ఆ స్క్రూలు భేషని తేల్చేస్తే, మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచేసే దిక్కుండదు."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "పదవోయ్," అన్నాడు అసిస్టెంటుతో.

ఆస్పత్రిలో సర్జన్ మొహం గంటు పెట్టుకున్నాడు. "బిగించడం వరకే నా పని. మంచిచెడ్డలు తేల్చేది పరీక్షల డాక్టరు. ఆ స్క్రూ కనిపెట్టిందీ ఆయనే."

ఎక్స్‌రే గదిలో బల్ల మీది దిండు నలిగి అట్టయిపోయింది. మనిషిని నిలబెట్టి ఫిల్ము తీసే స్టాండుకేమో ఎవరిదో రెయిన్‌కోటు, రెండు గొడుగులు వేలాడుతున్నాయి. మాస్టారు దాని మీది దుమ్ములో వేలితో గీత గీశాడు.

"ఇది పాడైందా?"

"లక్షణంగా పనిచేస్తుందండీ," అన్నాడు ఆపరేటరు. "మొదట్లో దీని దగ్గరే నిలబెట్టి, వంచి తీసేవాళ్ళం. ఒకరిద్దరి ఫిల్ములు చూశాక, ఇక పడుకోబెట్టే తీయమన్నారు."

"ఎవరూ?"

"నా పొట్ట కొట్టకండి సార్."

అసిస్టెంటుకు ఏమీ అంతుపట్టలేదు. మాస్టారు మాత్రం ఈల వేసుకుంటూ బయటికి నడిచాడు.

మర్నాడు కమిటీ ముందు అందరినీ కూర్చోబెట్టి, రెండు ఫిల్ములు వెలుతురుకు తగిలించాడు.

"ఇది పడుకోబెట్టి తీసింది. అన్నీ కుదురుగా ఉన్నాయి. ఇది పొద్దున సర్జన్‌గారి ఎదుట, అత్తను వంచి తీసింది. ఎముక జారింది. స్క్రూ చుట్టూ సందు చూడండి! వంగితేనే నొప్పని రోగులు మొత్తుకుంటుంటే, అందర్నీ పడుకోబెట్టిందెవరు? తన స్క్రూ బండారం మొదటి ఫిల్ముల్లోనే చూసేసిన పరీక్షల డాక్టరుగారు!"

సర్జన్ తలూపాడు. కమిటీ పెద్దావిడ లేచి నిలబడింది. "ఈ స్క్రూ ఇక ఎవరి ఒంట్లోకీ వెళ్ళదు. వేయించుకున్న వాళ్ళందరికీ మళ్ళీ పరీక్ష. ముందు ఈవిడకే ఆపరేషన్."

కోడలు అత్తను వాటేసుకుంది. అసిస్టెంటు ఛాతీ రెండింతలైంది.

పరీక్షల డాక్టరు ఇంకా తగ్గలేదు. "పడుకుంటే నొప్పి లేదుగా నీకు? చెప్పమ్మా, హాయిగానే ఉందిగా?"

అత్త కొంగు దోపుకుంది.

"పడుకునే ఉండేదాన్నైతే, నాకు నీ స్క్రూలెందుకురా?"