ఇరవై ఎనిమిది డిగ్రీల కొరియర్

డాక్టర్ పాలె హ్యోర్ట్‌ను చంపినవాడు తాను వెతికింది దొరక్కుండానే వెళ్లిపోయాడు. ఆ సంగతి థోర్కిల్ బాగెసెన్‌కు శవం చెప్పలేదు. గాజు ప్లేట్లు చెప్పాయి.

1953 మార్చి. కోపెన్‌హాగన్‌లో సూక్ష్మజీవుల ఇన్‌స్టిట్యూట్, మూడో అంతస్తులో హ్యోర్ట్ వెచ్చటి గది. ఉదయం ఏడింటికి థోర్కిల్ ఇంటికి ఫోనొచ్చింది. "హెర్రింగ్ చేపల పీపా పగిలింది" అని ఒక్క ముక్క. మన మనిషి పోయాడని దానర్థం. తన శాంపిళ్ల పెట్టె తీసుకుని బయల్దేరాడు. పదకొండేళ్లుగా దేశంలోని ప్రతి ల్యాబుకూ అతను అగర్ అమ్ముతున్నాడు. అగర్ అంటే సముద్రపు నాచునుంచి తీసే జెల్లీ. సూక్ష్మజీవులకు పరుపూ అదే, పళ్లెమూ అదే. రహస్య విభాగం మనిషికి ఆ వ్యాపారం ఒక వేషం. వేషమైనా సరుకు మంచిదే ఇచ్చేవాడు. అందుకే ఏ ల్యాబు తలుపైనా అతనికి తెరుచుకునేది.

గదిలో అతని పై అధికారి కల్నల్ ఉస్సింగ్ నిలబడి ఉన్నాడు. శవం మీద తెల్లకోటు కప్పారు. బల్లమీద ప్లేట్లు రెండొందల దాకా దొంతర్లుగా ఉన్నాయి. అన్నీ మూత పైకి ఉన్నాయి. మూతల లోపల నీటిచుక్కలు పట్టాయి.

"ఇది మావాళ్ల పని కాదు అబ్బాయ్," అంది కెట్టీ మోర్టెన్‌సెన్. ఆమె ఈ ఇన్‌స్టిట్యూట్ వంటగదిని ముప్పై ఏళ్లుగా నడుపుతోంది. బంగాళాదుంప రసం, మాంసం రసం కాచి, అగర్ కలిపి ప్లేట్లలో పోస్తుంది. బాక్టీరియాకి వంటమనిషినని తనే చెప్పుకుంటుంది. "మేం పుట్టినరోజు కేకు కూడా బోర్లించే పెడతాం."

థోర్కిల్ తలూపాడు. ప్లేటును బోర్లించి పెంచకపోతే ఆవిరి చుక్కలు మొలకలమీద పడి అంతా కలిసిపోతుంది. పేరు కూడా అడుగునే రాస్తారు. మూత ఎవరి తలమీదైనా కూర్చుంటుంది, అడుగు మారదు. హంతకుడికి ఇది తెలియదు. పేరు కోసం రెండొందల మూతలు చూశాడు. ఒక్క అక్షరం కనబడలేదు.

"వాడి పేరు కెస్సెల్," అన్నాడు ఉస్సింగ్. "ఈసారి స్విస్ డాక్టర్ వేషం. వెనకాల ఉన్న ముఠా ఏ దేశానిదో నీకు చెప్పను."

"ఏం కావాలంట?"

"ఎం-41. వాళ్లకొక్కళ్లకే కావాలి. ఇంకెక్కడా మిగలకూడదు."

థోర్కిల్ పెట్టె కింద పెట్టాడు. మోన్ దీవి మట్టిలో హ్యోర్ట్ పట్టుకున్న జీవి అది. స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్షయను లొంగదీసే మందు దాన్నుంచే వస్తుంది. ఇంకా పరీక్షలోనే ఉంది. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున క్షయ శానిటోరియంలో నలుగురికే ఇస్తున్నారు. ఆ నలుగురిలో ఒకరు గెర్డా. థోర్కిల్ భార్య.

"అసలు ట్యూబులు మూడుండేవి కదా?"

కెట్టీ ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ వైపు వేలు చూపింది. వచ్చినవాడెవడో పసిగట్టిన హ్యోర్ట్ మూడు ట్యూబులనూ అందులో పడేసి ఆవిరి వదిలాడు. నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పావుగంట. అక్కడ ఏదీ బతకదు. ఆ కోపంలోనే కెస్సెల్ అతని తల పగలగొట్టాడు. పోతూపోతూ ఫ్రిజ్‌లో ఉన్న మందు నింపిన గాజు ఆంపూళ్ల పెట్టె ఒకటి పట్టుకుపోయాడు.

అయితే అయిదు రోజుల క్రితం హ్యోర్ట్ ఎం-41ను ఒక ప్లేటుమీద గీసి నాటాడని కెట్టీకి తెలుసు. వెతికారు. అడుగున గ్రీజు పెన్సిల్‌తో అతని రాత. మూత కాస్త ఎత్తగానే తొలివాన పడ్డ మట్టివాసన గుప్పుమంది.

"ఇదొక్కటే," అంది కెట్టీ మూత వేసేస్తూ. "ఇంకా పండలేదు. రెండు రోజులు కావాలి."

మామూలు బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పొద్దున ఒకటి వేస్తే సాయంత్రానికి కోట్లు. ఎం-41 అలా కాదు. మొదట రెండు రోజులు ఏమీ కనబడదు. తర్వాత దారాలు తీస్తుంది. ఏడో రోజున దానిమీద సుద్దపొడిలాంటి బీజాలు వస్తాయి. ఆ పొడి పులియబెట్టే టాంకులో పడితేనే మందు. ముందే కదిపి కొత్త ప్లేట్లకు మార్చితే బోడిగా పెరుగుతుంది, మందివ్వదు. ఏడు రోజులూ ఇరవై ఎనిమిది డిగ్రీలుండాలి. చలికి ఆగిపోతుంది, వేడికి చస్తుంది.

థోర్కిల్ లెక్క వేశాడు. శానిటోరియంలో పదహారు రోజుల మందుంది. పండటానికి రెండు, టాంకులో తొమ్మిది, శుద్ధికి మూడు. పద్నాలుగు. చేతిలో మిగులు రెండు రోజులు.

"ఇక్కడుంచడానికి లేదు," అన్నాడు ఉస్సింగ్. "హ్యోర్ట్ సంగతి మంత్రిత్వశాఖ నుంచే బయటికి పొక్కింది. పోలీసుని పెడితే కెస్సెల్ మాయమౌతాడు, ఏడాది తర్వాత ఇంకో మొహంతో వస్తాడు. ప్లేటు చేతిలో ఉండగా పట్టుకోవాలి. మనం వాణ్ణి గుర్తుపట్టామని తెలియక, తనిఖీకి వస్తానని ఎల్లుండి రెండు గంటలకు టైమిచ్చాడు. వెంట లియానె ఫాబ్రిషియస్‌ను తెస్తాడు."

లియానె రెండో అంతస్తులో పరిశోధకురాలు, హ్యోర్ట్ శిష్యురాలు. ఆమె ఎర్రకోటు వీధిలో కనబడితే సైకిళ్లు నెమ్మదిస్తాయి.

"ఆవిడ ఎవరి మనిషి?"

"రెండు చేతులా తింటోంది. ఏ చెయ్యి మనదో నాకూ తెలీదు." ఉస్సింగ్ గొంతు తగ్గించాడు. "నీ భార్య అక్కడుందని తెలిసే నిన్ను పిలిచాను. వేరేవాళ్లయితే డ్యూటీ చేస్తారు. నువ్వు చావనన్నా చస్తావు గానీ ఆ ప్లేటు వదలవు."

దేశంలో ఇరవై ఎనిమిది డిగ్రీల పెట్టెలు పద్నాలుగున్నాయి. ఆ పద్నాలుగింటి పక్కనా మాట్లాడే నోరొకటి ఉంది. థోర్కిల్‌కు వాళ్లందరూ తెలుసు, అందరికీ అగర్ అమ్మాడు. మిగిలింది ఒక్కటే వెచ్చటి చోటు.

"నా ఒళ్లు ముప్పై ఏడు," అన్నాడు. "మధ్యలో బట్టలు వేసి తగ్గించుకోవచ్చు కదా అక్కా?"

కెట్టీ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, థర్మామీటర్ తెచ్చింది. చొక్కామీద ముప్పై మూడు. స్వెట్టర్‌మీద ముప్పై. ఆ స్వెట్టర్ గెర్డా అల్లింది. ఎడమ ఛాతీమీద ఆమె కుట్ల లెక్క తప్పి, సరిచేయబోయి రెట్టింపు ఊలు పట్టించింది. అక్కడ గుప్పెడంత గడ్డలా ఉంటుంది. ఆ గడ్డమీద పెట్టి, పైన ఓవర్‌కోటు వేసి, పావుగంట ఆగి చూశారు. ఇరవై ఎనిమిది.

"నీ పెళ్లాం చెయ్యి చల్లగా," అంది కెట్టీ, ప్లేటుకు రబ్బరు బ్యాండు వేసి గుడ్డపట్టీతో అతని గుండెకు కట్టేస్తూ.

ఆ రెండు రోజులూ థోర్కిల్ బతుకంతా కాలర్‌లోంచి తొంగిచూసే పాదరసమే అయింది. గబగబా నడిస్తే ముప్పై ఒకటి. బొత్తాలు విప్పేవాడు. ట్రామ్ కోసం నిలబడితే ఇరవై అయిదు. బేకరీలో దూరి, అక్కర్లేని కాఫీ తాగేవాడు. పడుకుంటే బరువు పడుతుందని కుర్చీలోనే తూగాడు. అడ్డంగా వచ్చిన ప్రతి సైకిలూ హంతకుడిలాగే కనబడింది.

రెండో రోజు మధ్యాహ్నం రైలెక్కి శానిటోరియానికి వెళ్లాడు. వెళ్లకపోతే అనుమానం వస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధమని అతనికే తెలుసు.

గెర్డా వరండాలో రెండు రగ్గుల కింద పడుకుని ఉంది. బుగ్గల్లో కాస్త రక్తం కనిపించింది. మందు మొదలై నాలుగో వారం. అతను వంగి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. ఛాతీ తగలనివ్వలేదు.

"ఏమయ్యా, కౌగిలించుకుంటే నా జబ్బు అంటుతుందని ఇవాళ గుర్తొచ్చిందా?"

"నడుం పట్టేసింది."

"ఆ గడ్డ స్వెట్టరేనా ఇంకా? లోపల పడెయ్యమన్నాను కదా."

"నువ్వు లెక్క తప్పావని పదిమందికీ చూపించాలిగా."

గెర్డా నవ్వింది. దగ్గు రాలేదు. నెల క్రితం అయితే ఆ నవ్వుకు పావుగంట దగ్గేది. నర్సు ఆంపూల్ విరిచి సూదిలోకి మందు తీసింది. థోర్కిల్ మనసులో పదిహేను అనుకున్నాడు. రేపటికి పద్నాలుగు.

"ఏం లెక్కపెడుతున్నావ్?" అంది గెర్డా.

"ఏం లేదు. రైలు టైము."

మర్నాడు పదిన్నరకు ఇన్‌స్టిట్యూట్ వంటగదికి చేరాడు. పథకం ఇదీ. పన్నెండుకు టాంకు సిద్ధమౌతుంది. ప్లేటును మళ్లీ తెరిచేది అప్పుడే. రెండింటికి కెస్సెల్ వస్తే చేతిలో పెట్టడానికి ఎం-17 ఉంది. అది ఎం-41కి పనికిమాలిన దాయాది. అదే రంగు, అదే మట్టివాసన, మందు మాత్రం సున్నా. దాని మూతమీద థోర్కిల్ తన చేత్తో 'ఎం-41' అని పెద్దగా రాశాడు. కింద గుమ్మం దగ్గర ఉస్సింగ్ మనుషులిద్దరు పెయింటర్ల వేషంలో నిచ్చెన వేసుకుని ఉన్నారు.

పదకొండింటికే తలుపు తెరుచుకుంది. కెస్సెల్, అతని పక్కన ఎర్రకోటు.

థోర్కిల్ గుండెమీద ప్లేటు అలాగే ఉంది.

కెస్సెల్ మర్యాదగా ముందుగా వచ్చినందుకు క్షమాపణ చెప్పాడు. తలుపు గడియ వేశాడు. తర్వాత మర్యాద కోటులో పెట్టి సైలెన్సర్ తుపాకీ తీశాడు. అగర్ వ్యాపారినీ వంటమనిషినీ గోడకు నిలబడమన్నాడు. కెట్టీ అప్పటిదాకా నేల తుడుస్తూ ఉంది. క్రిములను చంపే కార్బాలిక్ నీళ్ల బకెట్ పక్కనే, ఆటోక్లేవ్ ముందు నిలబడింది. అది లోపల సన్నగా ఈలవేస్తోంది.

బల్లమీది దొంతరలో పైనున్న మూతను చదివి కెస్సెల్ చిరునవ్వు నవ్వాడు. తెరిచి వాసన చూశాడు. "వాన వాసన. ముసలాడు చెప్పింది ఇదే." ప్లేటును లియానెకు ఇచ్చాడు. "నువ్వు చెప్పు."

ఆమె దాన్ని అందుకుంది. ఆలోచించకుండా బోర్లించింది, ఆ వృత్తిలో ఎవరైనా చేసేట్టే. అడుగున హ్యోర్ట్ రాత: ఎం-17. మూతమీద ఇంకో పేరు. మూతమీద పేరు రాసేది ల్యాబు మనిషి కాదని ఆమెకు మరుక్షణమే తెలిసి ఉండాలి. ఆమె ఒక్క మాటంటే థోర్కిల్ ఓవర్‌కోటు విప్పిస్తారు.

లియానె బొటనవేలు మెల్లగా ఆ రాతమీదికి జరిగింది.

"ఇదే," అంది.

కెస్సెల్ ప్లేటును సంచిలో పెట్టుకున్నాడు. మిగతా దొంతర్లన్నీ ఆటోక్లేవ్‌లో వేసెయ్యమని కెట్టీకి చెప్పాడు. తర్వాత తుపాకీ లియానె వైపు తిప్పాడు.

"నీ పని అయిపోయింది డాక్టర్."

అతనికి థోర్కిల్‌తో పనిలేదు. గోడకు ఆనుకుని ఊరుకుంటే ఎం-41 మిగులుతుంది. గెర్డా మిగులుతుంది. మధ్యలో రెండడుగుల దూరం, గుండెమీద రెండు మిల్లీమీటర్ల గాజు. లెక్క అంతా తెలిసే థోర్కిల్ తుపాకీ చేతిమీదికి దూకాడు.

ఛాతీలో ఏదో కరకరమంది. గుండు పైకప్పులో దిగింది. రెండోసారి కెస్సెల్ వేలు బిగిసేలోపు కెట్టీ ఆటోక్లేవ్ కవాటం బార్లా తిప్పింది. ఆవిరి తిన్నగా వాడి మొహాన కొట్టింది. వాడు తుపాకీ వదిలేసి కళ్లు మూసుకుని కూలబడ్డాడు. ఆవిరి మోత విని పెయింటర్లు తలుపు పగలగొట్టుకుని వచ్చేసరికి కెట్టీ వాడిమీద కూర్చుని ఉంది. ఒక పెయింటర్ చేతులకు నిజంగానే రంగు అంటి ఉంది.

"ఏం నాయనా, గోడ పూర్తయిందా?" అంది కెట్టీ.

థోర్కిల్ నేలమీద కూర్చుని కోటు విప్పాడు. పట్టీలోంచి గాజుముక్కలు, జెల్లీముక్కలు జారి నేలమీది కార్బాలిక్ నీళ్లలో పడ్డాయి. ఆ నీళ్లలో ఏదీ బతకదు. అతను వాటిని చేతులతో ఏరబోయాడు. కెట్టీ చెయ్యి పట్టుకుంది.

"పోయింది అక్కా," అన్నాడు. "నేనే పోగొట్టాను."

ఆమె అతని ఛాతీ వైపు చూస్తోంది. ఊలు గడ్డలో గాజుపొడి దిగబడి ఉంది. కొంచెం రక్తం. దానిమీద తెల్లగా, సుద్దలా, సన్నటి పొడి.

"పండింది," అంది మెల్లగా. "విప్పు. దులపకు. ఊపిరి కూడా మెల్లగా వదులు."

స్వెట్టర్‌ను కత్తెరతో నలభై ముక్కలు చేసి నలభై ప్లేట్లమీద పరిచింది. బోర్లించి ఇంక్యుబేటర్‌లో పెట్టింది. ఏడు రోజులు మళ్లీ మొదట్నుంచి.

థోర్కిల్ పెదవులు కదిలాయి. ఏడు, తొమ్మిది, మూడు. పంతొమ్మిది. చేతిలో ఉన్నవి పద్నాలుగు. అయిదు రోజులు తక్కువ. అయిదు రోజులు మందాపితే ఆ జబ్బు మందుకు అలవాటు పడి మళ్లీ లేస్తుంది, ఈసారి దేనికీ లొంగదు. ఈ మాట హ్యోర్టే చెప్పేవాడు.

లియానె కెస్సెల్ సంచి తెరిచింది. అడుగునుంచి గోధుమరంగు అట్టపెట్టె తీసి థోర్కిల్ ఒళ్లో పెట్టింది. హ్యోర్ట్ ఫ్రిజ్‌లోంచి పోయిన పెట్టె. కొనేవాళ్లకు చూపించడానికి కెస్సెల్ దాచుకున్నాడు. ఇరవై నాలుగు ఆంపూళ్లు. నలుగురికి ఆరు రోజులు.

"ప్లేటు బోర్లించడం నాకు ఆయనే నేర్పాడు," అంది. "దొంగతనానికి ఒప్పుకున్నాను. హత్యకు ఒప్పుకోలేదు." ఉస్సింగ్ మనిషి ముందుకు రాగానే తనే చేతులు చాపింది.

నలభై ప్లేట్లలో ముప్పై తొమ్మిదింటిమీద లోకంలో ఉన్నవన్నీ మొలిచాయి. థోర్కిల్ చెమటలోవి, బేకరీ ఈస్టు, ట్రామ్ బూజు. ఏడో రోజు పొద్దున కెట్టీ ఒక్కో మూతా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటూ పోయింది. ముప్పై ఒకటో ప్లేటు దగ్గర ఆగింది. కళ్లు మూసుకుంది. థోర్కిల్‌కు అందించింది. వాన.

కొత్త మందు శానిటోరియానికి చేరిననాటికి పాతది ఒక్కరోజుకు సరిపడా మిగిలింది.

మే నెలలో గెర్డా రగ్గులు లేకుండా వరండాలో కూర్చుంది. స్వెట్టర్ ఏదని అడిగింది. రహస్య విభాగం నియమాలు ఎంతవరకు ఒప్పుకుంటాయో అంతవరకు థోర్కిల్ చెప్పాడు.

"నలభై ముక్కలా? చలికాలమంతా అల్లాను."

"ఒక్క ముక్కే పనికొచ్చింది."

"ఏ ముక్క?"

థోర్కిల్ ఎడమ ఛాతీమీద చెయ్యి పెట్టి చూపించాడు.

గెర్డా బుట్టలోంచి కొత్త ఊలు ఉండ తీసి, సూదులు సవరించుకుంది.

"ఈసారి రెండు వైపులా తప్పుతాను," అంది.