పదహారో చెయ్యి

మా అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం మీటింగులు సెల్లార్‌లో జరుగుతాయి. ఒక పక్క కార్లు, ఇంకో పక్క నీళ్ల సంపు, దాన్ని ఆనుకుని మోటారు. మధ్యలో మిగిలిన జాగాలో ప్లాస్టిక్ కుర్చీలు. ఆ రోజు సాయంత్రం ఆరింటికి రమ్మంటే, ఆరున్నరకి పదిహేను మంది పోగయ్యారు. బయట వాన. సంపు మూత సందుల్లోంచి నాచు వాసన వస్తోంది.

ముప్పై రెండేళ్లు మిల్లులో లేతు మిషను దగ్గర నిలబడి, యూనియన్‌లో తిరిగి, రెండుసార్లు సస్పెండైన మనిషిని నేను. ఒళ్లు హూనం చేసుకుని కొన్న ఇల్లు, నాలుగో అంతస్తు. నా భార్యకి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు తెల్లారగానే డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఒక్కసారి తప్పినా ఊపిరాడదు. నడవలేదు, చూపు కూడా ఆనదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో దింపుతాను.

ఆ రోజు మీటింగు పెట్టింది మా ఫ్లాటుకి ఆ లిఫ్టు ఆపెయ్యడానికే.

నా తప్పేమిటంటే, రెండేళ్లుగా లిఫ్టుకి తనిఖీ చేయించలేదని సర్కారు ఆఫీసుకి ఉత్తరం రాశాను. సెక్రటరీకి ఒళ్లు మండింది. చంకలో ఎప్పుడూ సంఘం నిబంధనల పుస్తకం ఉంటుంది కాబట్టి వెనకాల అందరూ అతన్ని బైలా బాబు అంటారు.

"బాబాయ్ గారికి మన లిఫ్టు మీద నమ్మకం లేదట," అన్నాడు నా వంక చూసి నవ్వుతూ. "నమ్మకం లేనివాళ్లని బలవంతంగా ఎక్కించడం పాపం కదా! రేపణ్ణుంచి వాళ్ల లిఫ్టు కార్డు పనిచెయ్యదు."

"ఏమయ్యా, లిఫ్టు నీ అత్తగారింటి నుంచి తెచ్చావా?" అన్నాను. "అందులో నలభై ఎనిమిది ఇళ్లకీ వాటా ఉంది. దాన్ని బాగుచేయించడం సంఘం బాధ్యత. ఆపే అధికారం నీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించు."

"సర్వసభ్య సమావేశం తీర్మానిస్తే ఏదైనా అధికారమే."

ఈ మాట ఇంతకుముందు కూడా విన్నాను. అప్పుడు నోరు మూసుకున్నాను. దాచడమెందుకు, చెప్తాను.

మా పైన, అయిదో అంతస్తులో ఒక టైలరమ్మ ఉండేది. ఒంటరి మనిషి. పగలంతా మిషను తొక్కేది. ఆ చప్పుడుకి మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు. నేనే ఫిర్యాదు చేశాను. కాపురం ఇంట్లో వ్యాపారం చెయ్యకూడదని బైలా బాబు పుస్తకం తీశాడు. మిషను ఆపేదాకా ఆవిడకి నీళ్లు ఆపాలని తీర్మానం. ఎవరి నీళ్లయినా ఆపే హక్కు సంఘానికి లేదని నాకు తెలుసు. మిల్లు క్వార్టర్సులో మా నీళ్లు ఆపితే నలభై రోజులు సమ్మె చేసినవాణ్ణి, నాకు తెలీదా? తెలిసే చెయ్యెత్తాను.

అప్పట్లో, మా ఆవిడకి ఇంకా డయాలసిస్ మొదలుకాక ముందు, లిఫ్టు పాడై మూడు నెలలు. బాగుచేయించలేదు. చెయ్యాల్సింది చెయ్యరు, చెయ్యకూడనిది మీటింగు పెట్టి మరీ చేస్తారు. టైలరమ్మ సెల్లార్ కుళాయి దగ్గర పట్టుకుని అయిదంతస్తులు నీళ్లు మోసుకుంది. పన్నెండో రోజున, నాలుగో అంతస్తుకి ఒక మలుపు కింద, బకెట్‌తో సహా వెనక్కి పడింది. తల పగిలి ప్రాణం పోయింది. ఆ తర్వాతే లిఫ్టు బాగుచేయించారు.

మిషను చప్పుడు ఏమైందని మా ఆవిడ అడిగితే, ఆవిడ ఊరెళ్లిందని చెప్పాను.

మళ్లీ ఆ సాయంత్రానికొస్తాను. మీటింగు చెల్లాలంటే పదహారు మంది ఉండాలి. పదిహేనే ఉన్నాం. బైలా బాబు రిజిస్టరులో అయిదో అంతస్తు ఫ్లాటు నంబరు వేసి, పక్కన హాజరు అని రాశాడు. ఏడాదిగా ఇదే వరస. మనిషి తక్కువైనప్పుడల్లా చచ్చిపోయినావిడని పిలిచి కూర్చోబెట్టడం.

"సిగ్గు లేదూ?" అన్నాను.

"ఫ్లాటు ఇంకా ఆవిడ పేరు మీదే ఉంది బాబాయ్ గారూ. వారసులు రాలేదు. ఓనరు ఓనరే. ఇదివరకు మీరూ చూశారు, అప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

నలుగురు నవ్వారు.

చేతులెత్తమన్నాడు. లిఫ్టు ఆపాలన్నవాళ్లు ఏడుగురు. వద్దన్నవాళ్లం ఏడుగురం. మూడో అంతస్తు బ్యాంకాయన ఎటూ ఎత్తకుండా చెప్పుల వంక చూసుకున్నాడు.

"అయిదో అంతస్తు ఓటు మాకే," అన్నాడు బైలా బాబు.

నాకు తిక్క రేగింది. "ఆవిడే ఇక్కడుంటే నీ మొహాన ఉమ్మేసేది! చచ్చిన మనిషి వచ్చి చెయ్యెత్తుతుందిట్రా?"

"అడిగితే పోలా!" అని లేచాడు. వెనక ఖాళీ కుర్చీల వైపు తిరిగి, పెళ్లిలో మైకు పట్టుకున్నవాడిలా గొంతు సాగదీశాడు. "అమ్మా, అయిదో అంతస్తు అమ్మా! బాబాయ్ గారి ఫ్లాటుకి లిఫ్టు ఆపడం మీకు సమ్మతమైతే చెయ్యెత్తండమ్మా!"

మళ్లీ నవ్వులు.

మోటారు ఆగిపోయింది.

అది ఆగాకగానీ అంతసేపూ అది తిరుగుతోందని గుర్తు రాలేదు. ఒక్కసారిగా సెల్లార్ అంతా నిశ్శబ్దం. ట్యూబులైట్లు సన్నగా కొట్టుకున్నాయి. తడిసి ఆరని బట్టల వాసన... మిషను నూనె వాసన...

వెనక, స్తంభం చాటున, కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎవరదీ?" అన్నాడు బైలా బాబు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

స్తంభం పక్కనుంచి ఒక చెయ్యి లేచింది.

మోచేతి వరకే కనిపిస్తోంది. గాజుల్లేవు. పాలిపోయి ఉంది, చాలాసేపు నీళ్లలో నానిన చెయ్యిలా చర్మం ముడతలు పడి ఉంది. వేళ్ల చివరి నుంచి మోచేతి దాకా నీళ్లు కారుతున్నాయి. టప్... టప్... నేల మీద.

నిజం చెప్తున్నాను, ముందు నాకు భయం వెయ్యలేదు. ఆవిడ నా పక్షాన వచ్చిందనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, అతను అడిగింది ఆపడానికి సమ్మతమా అని.

"ఎనిమిది," అన్నాడు బ్యాంకాయన. జీవితమంతా లెక్కపెట్టిన మనిషి, అలవాటుగా అనేశాడు.

చెయ్యి దిగలేదు. నెమ్మదిగా మణికట్టు తిరిగింది. అరచెయ్యి నా వైపుకి వచ్చి ఆగింది.

కుర్చీలు పడ్డాయి. ఎవరో అరిచారు. అందరికంటే ముందు బైలా బాబే, చెప్పులొదిలేసి, పుస్తకం పారేసి, ర్యాంపు మీదుగా గేటు బయటికి పరిగెత్తాడు. నేను పరిగెత్తగలిగిన వయసు కాదు. గోడ పట్టుకుంటూ లిఫ్టు దగ్గరికి వెళ్లి కార్డు పెట్టాను.

ఎర్ర లైటు.

మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు. కార్డు ఆపాలంటే సెక్రటరీ గదిలో కంప్యూటరు మీద ఆపాలి. ఆ గదికి తాళం. సెక్రటరీ రోడ్డు మీద వానలో ఉన్నాడు. ఎవరాపారు?

ఎలాగో మెట్లెక్కాను. మా ఆవిడకి ఏమీ చెప్పలేదు. పొద్దున్నే డయాలసిస్. వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను. "అయిదున్నరకి పైకొస్తాను పెద్దయ్యా, మీరు ముందు పట్టుకోండి, నేను వెనక పట్టుకుంటా, దింపేద్దాం," అన్నాడు.

అయిదున్నరకి తలుపు చప్పుడైంది. కరెంటు లేదు. వరండాలో చీకటి. కుర్చీ బయటికి తోశాను. ఆ చీకట్లో ఒక ఆకారం వంగి కుర్చీ వెనక చేతులేసింది. నేను మెట్ల వైపు తిరిగి చేతులు వెనక్కి పెట్టి కుర్చీ ముందు భాగం పట్టుకున్నాను.

"పట్టుకున్నావా?"

జవాబు లేదు. కుర్చీ లేచింది. దూదిలా లేచింది.

ఒక్కో మెట్టే దిగుతున్నాను. కాలు జారితే ఇద్దరం పోతాం. వెనక్కి చూసే తీరిక ఎక్కడిది? పైన మా ఆవిడ ఏదో గొణుగుతోంది, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. మధ్యలో చిన్నగా నవ్వింది కూడా.

టైలరమ్మ పడిన మలుపు దగ్గర కుర్చీ ఆగిపోయింది. లాగాను, కదల్లేదు. నా మెడ మీద ఒక చుక్క పడింది. చల్లగా. తర్వాత ఇంకొకటి.

"పద... పదవయ్యా," అన్నాను.

ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. తర్వాత కుర్చీ కదిలింది. కింద మెట్టు వరకు మళ్లీ ఆగలేదు. కుర్చీ చక్రాలు నేలకి ఆనాయి.

గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ గొడుగేసుకుని గబగబా వచ్చాడు. "పెద్దయ్యా, కారు కోసం వెళ్లి పావుగంట ఆలస్యమైంది, పైకొస్తూనే ఉన్నా కదా! ఒక్కరే ఎట్లా దింపారు?"

వెనక్కి తిరిగాను. కుర్చీ వెనక ఎవరూ లేరు.

ఆసుపత్రిలో నర్సు సూదులు గుచ్చి, మిషను ఆన్ చేసి, అవతలికి వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను.

"మెట్ల మీద ఎవరితో మాట్లాడావే?"

"అదేంటండీ! మన పై ఇంటి టైలరమ్మతో. గొంతు గుర్తుపట్టాను. ఊర్నుంచి వచ్చేసిందిగా, మీరు చెప్పనేలేదు. పాపం, ఎంత సాయం మనిషి! నేను ఊరికే మిషను చప్పుడని విసుక్కునేదాన్ని."

"ఏమంది?"

"ఇలా ఎన్నాళ్లు మొయ్యాలి అక్కా అని అడిగింది. బతికున్నన్నాళ్లూ అమ్మా అన్నాను."

"దానికేమంది?"

మా ఆవిడ కళ్లు మూసుకుంది. అలసిపోయింది. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"అయితే ఎక్కువసార్లేం కాదులే అంది."