పుట్టని పిల్లల పంచాయితీ

మునిప్రసాద్‌ది తిరుపతి, నౌరీన్‌ది చిత్తూరు. ఏ ఊళ్లో కలుసుకున్నా ఎవరో ఒక బంధువు కంట పడక తప్పదు గనుక, వాళ్ల ప్రేమంతా దారి మధ్యన పూతలపట్టులో, ఒక టీ కొట్టు రేకుల కిందే నడుస్తోంది.

ఆ రోజు వాన. బస్సు దిగి చున్నీ పిండుకుంటూ వచ్చిన నౌరీన్‌ని చూసి ప్రసాద్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నిన్న నువ్వు లేనప్పుడు మీ ఇంటికి పోయినా. పెళ్లికి మీ అమ్మ ఒప్పుకునింది! ఈ కబురు నేనే చెప్తానని ఆమె దగ్గర మాట తీసుకున్నా."

"నేను నిన్న యాడికి పోయినాననుకున్నావు? మీ ఇంటికే! మీ అమ్మా ఒప్పుకునింది! నేనూ ఆమె దగ్గర అట్లనే మాట తీసుకున్నా."

"ఏం చెప్పినావు?"

"ముందు నువ్వు చెప్పు."

"పిల్లల్ని మీ మతంలోనే పెంచుకుంటామన్నా. నమాజు, రంజాను, అంతా మీ ఇష్టమే అన్నా."

నౌరీన్ టీ గ్లాసు కింద పెట్టేసింది. "నేనేమో తిరుమలలో పుట్టెంట్రుకలు తీయిస్తాం, అంతా మీ పద్ధతే అని చెప్పొచ్చినా!"

ఇంకా పెళ్లే కాలేదు, అప్పుడే పిల్లల్ని ఇద్దరు అవ్వలకూ రాసిచ్చేశారు.

"నన్నడక్కుండా ఎట్ల ఇచ్చేసినావు ప్రసాద్?"

"నువ్వు నన్నడిగినావా?"

"నీ కోసం చేసినా!"

"నేను మాత్రం ఎవరి కోసం చేసినా?"

ఇద్దరూ చెరోవైపు తిరిగారు. ప్రసాద్‌కు ఏమీ పాలుపోలేదు. తన తల్లి కోరుకున్నదే నౌరీన్ ఇచ్చి వచ్చింది కదా, మరి తనకెందుకు బాధ?

"నిజం చెప్పు, నీకేం కావాల?" అంది నౌరీన్ మెల్లగా.

"మా నాయన నన్ను భుజాన ఎత్తుకోని కొండ మెట్లెక్కినాడు. నేనూ నా బిడ్డను అట్ల ఎత్తుకోవాల."

"నేను పుట్టంగానే మా నాయన నా చెవిలో అజాన్ చెప్పినాడు. నా బిడ్డకూ చెప్పాల."

"రెండూ చేస్తే?"

"పెద్దయినాక 'నేనెవర్ని' అని అడిగితే?"

"తెల్దు."

"నాకూ తెల్దు." అంది నౌరీన్. "ఇది చెప్తే పెళ్లి ఆగిపోతాదేమో ప్రసాద్. చెప్పకుంటే ఇద్దరమ్మల్నీ మోసం చేసినట్టే."

నౌరీన్ అతని ఫోను లాక్కుని, తన ఫోను అతని చేతిలో పెట్టింది. "మీ అమ్మకు నేను చెప్తా. మా అమ్మకు నువ్వు చెప్పు."

ప్రసాద్ నౌరీన్ వాళ్లమ్మకు ఫోను చేశాడు. "అమ్మా, పిల్లల గురించి నిన్న చెప్పిన మాట మనసులోంచి చెప్పలేదు. ఎట్ల పెంచాలో మాకే తెల్దు. నౌరీన్ అంటే మాత్రం నాకు ప్రాణం."

అవతలి నుంచి నౌరీన్ తల్లి రంజాన్‌బీ అడిగింది.

"మీ అమ్మకు తెలుసా?"

"నౌరీన్ చెప్తా ఉండాది."

"ఆదివారం ఆమెను పిల్చుకోని రా. బిడ్డల్ని పెంచినోళ్లం మేం. మీకు తెల్దని నిజం చెప్పినారు కదా, కూర్చోని మాట్లాడుకుంటాం."

బల్ల అవతలి చివర నౌరీన్ ఫోనును అరచేత్తో మూసింది. "ప్రసాద్, మీ అమ్మ ఏడస్తా ఉండాది. ఏం చెప్పేది?"

"మంచి చీర తీసి పెట్టుకోమను," అన్నాడు ప్రసాద్ కళ్లు తుడుచుకుంటూ. "ఆదివారం మీ ఇంటికి రావాలంట."